44 ఏళ్ల వయసులో ఉద్యోగం పోతోంది: రాజీనామా మీద సంతకం పెట్టాలా? తరువాత ఎటు వెళ్లాలి?

ఉలవపాడు వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఉలవపాడు మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చిన ఊళ్లలో మా ఊరూ ఒకటి. కావలి జవహర్ భారతిలో బీఎస్సీ చదివి, కొన్నేళ్లు రొయ్య పిల్లలను పెంచే హేచరీలో పనిచేసి, 2010 ఏప్రిల్‌లో హైవే పక్కనున్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో చేరాను. అప్పట్లో క్వాలిటీ విభాగంలో సహాయకుణ్ణి, ఇప్పుడు షిఫ్ట్ సూపర్‌వైజర్ని. జీతం కోతలకు ముందు నెలకు 34,000 రూపాయలు, అందులో బేసిక్, డీఏ కలిపి 18,200.

మా సరకులో అధిక భాగం అమెరికాకే వెళ్లేది. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పటి నుంచి ఆర్డర్లు తగ్గుతూ వచ్చాయి. దసరా తరువాత మూడు షిఫ్టులు రెండయ్యాయి, దీపావళి తరువాత ఒకటే మిగిలింది. డిసెంబరు 12న మా పదకొండు మందిని పిలిచి, రేపటి నుంచి రానవసరం లేదనీ, 31వ తేదీలోగా ‘స్వంత కారణాల వల్ల’ అని రాజీనామా రాసిస్తే ఒక నెల జీతం అదనంగా ఇచ్చి మంచి అనుభవ ధ్రువపత్రం కూడా ఇస్తామనీ చెప్పారు. ఇప్పటికి ఏడుగురు సంతకం పెట్టారు. నేను పెట్టలేదు. ధైర్యం ఉండి పెట్టకపోవడం కాదు, చేయి రాలేదు.

ఇంట్లో మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, బాబు ఎనిమిదో తరగతి. నాన్నతో సెలవు పెట్టానని చెప్పాను. ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తుంది. 5 గంటల 20 నిమిషాలకు కంపెనీ బస్సు మా అడ్డరోడ్డు దగ్గర హారన్ కొడితే మంచం మీద ఉండలేను, బయటికి వెళ్లి నిలబడనూ లేను. మొన్న మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, మీ చేతులకు క్లోరిన్ వాసన పోయింది అంది. పదిహేనేళ్లలో ఆమె ఆ వాసన గురించి మాట్లాడడం అదే మొదటిసారి.

బావమరిది పీఎఫ్ తీసి మూడెకరాల చెరువు లీజుకు తీసుకుందామంటున్నాడు. ఖాతాలో సుమారు ఆరు లక్షలు ఉన్నాయి. నాకేమో ఇంకో ఉద్యోగం చూసుకోవాలని ఉంది, కానీ చుట్టుపక్కల ప్లాంట్లన్నిటిదీ ఇదే పరిస్థితి. నాకు వచ్చిన పని ఒక్కటే. గుప్పెట్లో నాలుగు రొయ్యలు పట్టుకుంటే అది ముప్పై కౌంటో (కిలోకు ముప్పై తూగేదో) నలభై కౌంటో తూకం లేకుండా చెప్పగలను. ఆ విద్య ఇంకెక్కడ పనికొస్తుంది? సంతకం పెట్టాలా వద్దా, ఈ వయసులో ఎటు వెళ్లాలి అన్న రెండు విషయాల్లో తెలిసినవారు సలహా చెప్పగలరని కోరుతున్నాను.

పాత హెచ్ఆర్, నెల్లూరు

నేను ఈ జిల్లా కర్మాగారాల్లో 22 ఏళ్లు సిబ్బంది వ్యవహారాల విభాగంలో పనిచేసి విరమించాను. ఇలాంటి రాజీనామాలను బల్లకు అవతలి వైపు కూర్చుని రాయించినవాణ్ణి కాబట్టి, అది గొప్పగా చెప్పుకునే విషయం కాకపోయినా, ఆ కాగితం ఎందుకు అడుగుతారో నాకు తెలుసు.

‘స్వంత కారణాల వల్ల’ అన్న ఆ మూడు మాటల ఖరీదు ముందు లెక్కగడదాం. యాజమాన్యమే పని తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. దానికి ఒక నెల నోటీసు గానీ నోటీసు బదులు జీతం గానీ ఇవ్వాలి, ఆపైన సర్వీసులో ప్రతి సంవత్సరానికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ నియమం, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగింది. అదనంగా, తీసేసిన కార్మికుడికి కొత్త నైపుణ్యం నేర్చుకునేందుకు మరో పదిహేను రోజుల వేతనం ఇవ్వాలని కొత్త కోడ్ చెబుతోంది. మీ సర్వీసు పదిహేనేళ్ల తొమ్మిది నెలలు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు కాబట్టి పదహారేళ్లు. బేసిక్, డీఏల మీద మాత్రమే లెక్క వేసినా 9,100ను పదహారుతో గుణిస్తే 1,45,600 రూపాయలు. వాళ్లు ఇస్తామంటున్నది ఒక నెల జీతం. స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారికి ఈ పరిహారం ఉండదు. అందుకే ఆ కాగితం అడుగుతున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచి మీకు ఆశ కల్పించడం ధర్మం కాదు. నెలకు 18,000కు మించి వేతనం తీసుకుంటూ పర్యవేక్షణ పని చేసేవారు ఆ కోడ్ ప్రకారం ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి రారు. మీ హోదాలో సూపర్‌వైజర్ అన్న మాట ఉంది కాబట్టి యాజమాన్యం దాన్నే పట్టుకుంటుంది. అయితే న్యాయస్థానాలు చాలాకాలంగా హోదా పేరును కాక, మనిషి రోజంతా ప్రధానంగా చేసిన పని ఏమిటన్నదాన్నే చూస్తున్నాయి. మీరు స్వయంగా నమూనాలు తీసి, పరీక్షలు చేసి, రిజిస్టర్లు రాస్తూ గడిపారా, లేక ఇతరులకు పని అప్పగించి, సెలవులు మంజూరు చేస్తూ గడిపారా అన్నదాని మీద మీ దావా బలం ఆధారపడి ఉంటుంది. కార్మిక చట్టాలు చూసే న్యాయవాదిని 31వ తేదీకి ముందే నెల్లూరులో ఒకసారి కలవండి. అప్పటిదాకా, తొలగింపుకు కారణమేమిటో రాతపూర్వకంగా తెలపమని మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టి ఊరుకోండి.

గ్రాట్యుటీ, అంటే సర్వీసుకు గాను చివర్లో ఇచ్చే మొత్తం, సంగతి వేరు. అది సూపర్‌వైజర్‌కైనా, రాజీనామా చేసినవారికైనా అయిదేళ్ల సర్వీసు ఉంటే రావలసిందే. 18,200ను 26తో భాగించి, 15తో, ఆపైన 16తో గుణించండి: 1,68,000 రూపాయలు. ముప్పై రోజుల్లో చెల్లించాలి. ‘ఫైనల్ సెటిల్‌మెంట్’ అని ఒకే మొత్తం చూపిస్తే అందులో గ్రాట్యుటీ ఎంత, నెల జీతం ఎంత అని విడివిడిగా రాయమనండి. మీకు ఎలాగూ రావలసిన డబ్బునే దయతో ఇస్తున్నట్టు చూపించడం మా విభాగాల్లో పాత అలవాటు.

పీఎఫ్ తీయవద్దు. ఉద్యోగం లేకపోయినా ఖాతాలోని సొమ్ముకు వడ్డీ వస్తుంది, కొత్త ఉద్యోగం వస్తే అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) కిందికి మార్చుకోవచ్చు. పదేళ్లు దాటింది కాబట్టి మీ పెన్షన్ భాగం ఒకేసారి చేతికి రాదు. 58 ఏళ్లకు పెన్షన్‌గా వస్తుంది, దానికి మీ సర్వీసును చూపే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. కంపెనీ లాగిన్ ఇంకా పనిచేస్తుంటే ఈ రాత్రే జీతం చీటీలు, ఫారం 16, నియామక పత్రం, శిక్షణ ధ్రువపత్రాలు మీ సొంత మెయిల్‌కు పంపుకోండి.

మరొక మాట. మీ జీతం 21,000 దాటింది కాబట్టి మీకు ఈఎస్ఐ, అంటే ప్రభుత్వ కార్మిక బీమా, లేదు, కానీ మీ దగ్గర రొయ్య తొక్క తీసే పీలింగ్ లైన్లో పనిచేసిన ఆడవాళ్లకు ఉండి ఉంటుంది. ఉద్యోగం పోయిన ఈఎస్ఐ సభ్యులకు జీవితంలో ఒకసారి, తొంభై రోజుల వరకు, సగటు రోజు వేతనంలో సగం ఇచ్చే పథకం 2018 నుంచి ఉంది. గడువు పొడిగించుకుంటూ నడుపుతున్నారు కాబట్టి ప్రస్తుత స్థితిని బ్రాంచి కార్యాలయంలో అడగాలి. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్ చేసినా, నిర్ణీత కాలం చందా కట్టి ఉన్నవారికి 24 నెలల వరకు భృతి ఇచ్చే మరో పథకం 2005 నుంచి ఉంది. ఈ సంగతి వాళ్లకు చెప్పేవారు ఎవరూ ఉండరు. మీరు చెప్పండి.

సింగరాయకొండ సభ్యుడు

పై పెద్దాయన లెక్క సరైనదే కావచ్చు, కానీ మన తీరం చిన్నది. తడ నుంచి చీరాల దాకా ఈ రంగంలో ఉన్న మేనేజర్లు ఒకరికొకరు తెలుసు, ఒక చోట కేసు వేసినవాణ్ణి ఇంకో చోట తీసుకోరు. నేను ఆక్వా మందుల సరఫరాలో ఉన్నాను, ఇది కళ్లారా చూసిన సంగతి. సంతకం పెట్టి, మంచి మాటతో బయటికి వచ్చి, ఆ ధ్రువపత్రంతో ముందుకు వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం.

పాత హెచ్ఆర్, నెల్లూరు

మీ భయంలో కొంత నిజం ఉంది. అందుకే నేను కేసు వేయమనలేదు, సంతకం పెట్టే ముందు లెక్క తెలుసుకోమన్నాను. యాజమాన్యానికి కూడా గొడవ లేని కాగితం కావాలి కాబట్టి, విషయం తెలిసినవాడు ఎదురుగా కూర్చుంటే ఒక నెల అన్నది మూడు నెలలు కావడం నేను చూశాను. పైగా కొత్త చోట వాకబు చేసేవారు హెచ్ఆర్‌కు ఫోన్ చేయరు, ప్రొడక్షన్ మేనేజర్‌కు చేస్తారు. ఆయనతో మాట చెడకుండా చూసుకుంటే చాలు.

ఒంగోలు కౌన్సెలర్

ఉద్యోగం మారవలసి వచ్చిన పెద్దవాళ్లతో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. డబ్బు సంగతి పైన చక్కగా చెప్పారు కాబట్టి మీ రెండో ప్రశ్న దగ్గరికే వస్తాను.

నాకు వచ్చిన పని ఒక్కటే అన్నారు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మొదటి రోజు అనే మాట ఇదే, అది దాదాపు ఎప్పుడూ తప్పే. మీ దగ్గరున్నది ఒక హోదా, దాని వెనుక ఇరవై ముప్పై పనులు. హోదా పోయింది, పనులు మీ చేతుల్లోనే ఉన్నాయి. ఈ సాయంత్రం ఒక నోటు పుస్తకం తీసుకుని, మీరు చివరిసారి పూర్తిగా చేసిన ఒక షిఫ్టును గుర్తు చేసుకుని, గంట గంటకూ ఏం చేశారో రాయండి. ‘క్వాలిటీ చూశాను’ అని రాయవద్దు. ట్రక్కు వచ్చింది, ఐసు ఎంత ఉందో చూశాను, రొయ్య లోపలి ఉష్ణోగ్రత తీశాను, చెరువు నంబరుతో లాట్ కోడ్ వేశాను, యాంటీబయోటిక్ పరీక్షకు నమూనా పంపాను, కడిగే నీటిలో క్లోరిన్ ఎంత ఉందో స్ట్రిప్‌తో చూశాను, ఫ్రీజర్ నుంచి వచ్చిన దిమ్మ మధ్యలో మైనస్ 18 డిగ్రీలు చేరిందా అని చూశాను, మెటల్ డిటెక్టర్‌లో టెస్ట్ పీసు వేసి అది కూతపెట్టిందా అని చూసి రిజిస్టర్లో సంతకం చేశాను. ఇలా రాయాలి. రాసిన తరువాత ప్రతి వాక్యంలోనూ రొయ్య అన్న మాటను కొట్టివేసి, ఆ ఖాళీలో పాలు, ఐస్‌క్రీం, మసాలా, బిస్కెట్, వంటనూనె అని పెట్టి చదవండి. చాలా వాక్యాలు చెక్కుచెదరవు. గుప్పెటతో కౌంటు చెప్పడం కూడా అంతే. దాన్ని మీరు చమత్కారంగా చెప్పారు గానీ, రాశిలోంచి నమూనా తీసి దాన్నిబట్టి మొత్తం గురించి తీర్పు చెప్పగలగడం ఆహార కర్మాగారాల్లో జీతమిచ్చి పెట్టుకునే నైపుణ్యం.

ఆ వాక్యాలు ఎవరికి కావాలో ఇక వెతకాలి. కృష్ణపట్నం చుట్టూ వంటనూనె శుద్ధి కర్మాగారాలున్నాయి. శ్రీసిటీలో చాక్లెట్లు, అల్పాహారాలు తయారుచేసేవి ఉన్నాయి. గుంటూరు దారి పట్టుకుంటే మిర్చి కోల్డ్ స్టోరేజీలు, మసాలా యూనిట్లు వస్తాయి. ప్రతి 25 మంది ఆహార సిబ్బందికీ శిక్షణ పొందిన ఒక ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ ఉండాలని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెబుతోంది. ‘ఫోస్టాక్’ అనే ఆ శిక్షణ చిన్నది, దాని ధ్రువపత్రం మీ పదిహేనేళ్ల అనుభవం పక్కన ఉంటే రొయ్యల రంగం వెలుపలివారికి కూడా మీరు అర్థమవుతారు. రొయ్యల రంగంలోనే ఉండాలనుకుంటే, అమెరికా తలుపు ఇరుకైన కొద్దీ ఎగుమతిదారులు యూరప్ వైపు చూస్తున్నారు. అక్కడ 2016 నుంచి మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగాన్ని సరిహద్దులోనే యాంటీబయోటిక్ అవశేషాల కోసం పరీక్షిస్తున్నారు, అంతకుముందు పదో వంతే చూసేవారు. చెరువు నుంచి పెట్టె దాకా లాట్ జాడ తప్పకుండా కాగితం నడిపినవాడి అవసరం అలాంటి చోట పెరుగుతుంది. షిఫ్ట్ సూపర్‌వైజర్ అన్న హోదాతో కాక, అవశేషాల నియంత్రణ, లాట్ జాడ అన్న పనుల పేరుతో వాళ్లను అడగండి.

ఎవరిని అడగాలన్నది అంతకన్నా ముఖ్యం. మీరు ఇప్పటిదాకా ఫోన్ చేసింది పక్క ప్లాంట్లలోని స్నేహితులకే అయి ఉంటుంది. వాళ్లకు తెలిసినవి మీకూ తెలిసినవే. ఉద్యోగం మారినవారిని అమెరికాలో ప్రశ్నించి చూసిన మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక విషయం చెప్పాడు: ఉద్యోగపు కబురు దగ్గరి స్నేహితుల కంటే అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే వాళ్లు మనం తిరగని చోట్ల తిరుగుతారు. మీ విషయంలో వాళ్లెవరు? అమోనియా కంప్రెసర్ బాగుచేయడానికి వచ్చే మెకానిక్, అట్టపెట్టెలు సరఫరా చేసే వ్యాపారి, ల్యాబుకు కిట్లు అమ్మే ప్రతినిధి, ఏటా వచ్చే ఆడిటర్. వీళ్లు వారానికి అయిదారు కర్మాగారాల గేట్లు దాటుతారు. వాళ్లను ఉద్యోగం ఇప్పించమని అడగవద్దు, అలా అడిగితే ఎదుటివారు ఇబ్బందిపడి తప్పుకుంటారు. “అన్నా, నేను ప్లాంటు నుంచి బయటికి వస్తున్నాను, మీరు తిరిగే వాటిలో కొత్తగా హాసప్ (ఆహార భద్రత పద్ధతి) పెట్టుకుంటున్న యూనిట్లు, ఆడిట్‌కు సిద్ధమవుతున్న యూనిట్లు ఏమున్నాయో చెప్పగలరా” అని అడగండి. దీనికి ఎవరైనా జవాబు చెప్పగలరు.

బస్సు హారన్ గురించి మీరు రాసింది చదివి చాలాసేపు ఆగిపోయాను. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరలో మారియెంతాల్ అనే నేత మిల్లు ఊరు ఉండేది. మిల్లు మూతపడి ఊరు ఊరంతా పని కోల్పోయిన తరువాత, 1930ల తొలినాళ్లలో మరీ యహోడా అనే సామాజిక పరిశోధకురాలు, ఆమె సహచరులు అక్కడికి వెళ్లి, గడియారం పట్టుకుని వీధిలో మనుషుల నడక వేగం కూడా కొలిచారు. ఏ పనీ లేని మగవాళ్లు ఆడవాళ్ల కంటే నెమ్మదిగా నడిచారు, దారిలో మాటిమాటికీ ఆగారు. తీరిక ఎంతో పెరిగినా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక ఆకారాన్ని, నలుగురితో కలయికను, మనకొక స్థానాన్ని కూడా ఇస్తుందని యహోడా ఆ తరువాత వివరించింది. మీకు నాలుగున్నరకు మెలకువ రావడాన్ని జబ్బుగా చూడవద్దు. ఆ వేళను కాపాడుకోండి. నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా దరఖాస్తులు, నోటు పుస్తకం, ఫోస్టాక్ చదువు పెట్టుకుంటే, నాన్నగారి ముందు సెలవులో ఉన్నట్టు నటించవలసిన గంటలు తగ్గుతాయి. నిద్ర పూర్తిగా పోయినా, చెడ్డ ఆలోచనలు వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు.

తిరస్కారానికి ముందే సాధన చేయాలి. మిచిగన్ విశ్వవిద్యాలయంవారు 1980లలో నిరుద్యోగులకు కొన్ని పూటల శిక్షణ ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చి చూశారు. దరఖాస్తు రాయించడంతో పాటు, కాదన్నప్పుడు ఏం చేయాలో ముందే ఆలోచింపజేసి, ఇంటర్వ్యూ నటింపజేశారు. శిక్షణ పొందినవారికి మంచి ఉద్యోగాలు త్వరగా వచ్చాయి, దిగులు కూడా తగ్గింది. మీ ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టి, “ఈ వయసులో మా కుర్రవాళ్ల కింద పనిచేయగలరా?” అన్న ప్రశ్నను పదిసార్లు అడిగించుకోండి. మొదటిసారి కోపం వస్తుంది. అది ఇంట్లోనే రావడం మంచిది.

కేంద్ర ప్రభుత్వపు నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం, జిల్లా ఉపాధి కార్యాలయంలోనూ నమోదు చేసుకోండి. రిజిస్ట్రేషన్‌కని, యూనిఫాంకని ముందుగా డబ్బు అడిగేవారెవరైనా మోసమే అనుకోండి. వేలిముద్రలు చూసి మీకు తగిన వృత్తి చెబుతామనే పరీక్షలు మన పట్టణాల్లో వేల రూపాయలకు అమ్ముతున్నారు, వాటికి శాస్త్రాధారం ఏదీ లేదు. 44 ఏళ్ల మనిషికి ఏది వచ్చో అతని వేలిముద్రల కంటే అతను నింపిన రిజిస్టర్లే బాగా చెబుతాయి.

కొత్త రంగంలో మొదటి జీతం 34,000 ఉండకపోవచ్చు. ఎంత దాకా తగ్గితే ఇల్లు నడుస్తుందో ఆ అంకెను మీరిద్దరూ కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి, ఇంటర్వ్యూ గదిలో కాదు.

చీమకుర్తి మిత్రుడు

అన్నా, నేను గ్రానైట్ వాణ్ణి. గెలాక్సీ రాయి పాలిషింగ్ లైన్లో పద్నాలుగేళ్లు పనిచేశాను. ఎగుమతులు పడిపోయిన ఒక సంవత్సరం మా యూనిట్ సగం మందిని పంపించేసింది. ఉద్యోగం పోయిన కోపంలో, ఇక ఎవరి కిందా పనిచేయకూడదని పట్టుబట్టి, పీఎఫ్ మొత్తం తీసి ఒంగోలు కర్నూలు రోడ్డులో టిఫిన్ సెంటర్ పెట్టాను. నాకు ఇడ్లీ తినడం వచ్చు, పిండి లెక్క రాదు. మాస్టరు మానేసిన రోజు అంగడి మూయవలసి వచ్చేది. ఏడు నెలల్లో అడ్వాన్సు తప్ప అంతా పోయింది. ఆ పెనం ఇప్పటికీ మా అటక మీద ఉంది, అమ్మడానికి మనసు రాదు.

ఆ తరువాత ఒక కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్‌కు చేరాను. పాలిషింగ్ లైన్లో మోటార్లు, బేరింగులు, నీటి పంపులు చూసిన అనుభవమే అక్కడ పనికొచ్చింది. పైన కౌన్సెలర్ గారు చెప్పిన నోటు పుస్తకం పని నేను తెలియకుండానే, అంతా పోయాక చేశాను.

చెరువు సంగతి చెబుతాను. మీకు తెలిసినది నీళ్లలోంచి బయటికి వచ్చిన రొయ్య. నీళ్లలో ఉన్న రొయ్య వేరు. తెల్లమచ్చ రోగం వస్తే కొద్ది రోజుల్లోనే గట్టు మీద కూర్చుని ఏడవాలి, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి వస్తే మేత తింటూనే ఉంటుంది, ఎదగదు. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు కరెంటు, మేత డీలరు దగ్గర అప్పు, లీజు ముందే కట్టాలి. అన్నిటికీ మించి, మీ ఉద్యోగం తీసిన సుంకమే చెరువు గట్టు మీదికీ వస్తుంది. ప్లాంటు కొనకపోతే కౌంటు ధర పడేది రైతుకే. ఒకే దెబ్బ తగిలే రెండు చోట్లా మీ ఇంటి డబ్బు పెట్టవద్దు. మీ బావమరిదికి చెరువు మీద నమ్మకముంటే తన డబ్బుతో వేయమనండి, రొయ్యలు పట్టే రోజున మీరు వెళ్లి కౌంటు చూసి పెట్టండి.

వ్యాపారమే చేయాలని ఎప్పుడైనా అనిపిస్తే పీఎఫ్ జోలికి పోకుండా పీఎంఈజీపీ అనే కేంద్ర ఉపాధి పథకం కింద బ్యాంకు అప్పుకు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. పల్లెల్లో జనరల్ కేటగిరీకి కూడా 25 శాతం రాయితీ ఉంది. అదైనా, ఆ వ్యాపారంలో ఎవరి దగ్గరైనా ఆరు నెలలు జీతానికి చేసిన తరువాతే.

కావలి సోదరి

అన్నయ్య గారూ, నాకు చట్టాలు తెలియవు. మా ఇంట్లో జరిగినది చెబుతాను. మా వారి ఉద్యోగం పోయినప్పుడు నాకు నాలుగు నెలలు చెప్పలేదు. రోజూ క్యారియర్ కట్టించుకుని రైల్వే స్టేషన్ బల్ల మీద తిని వచ్చేవారట. తెలిసిన రోజున డబ్బు లేదన్న బాధ కంటే, ఆ నాలుగు నెలలూ నేను కూర బాగుందా అని అడిగితే బాగుందని చెప్పిన మాటే ఎక్కువ గుచ్చుకుంది. మీరు మీ ఇంటావిడకు చెప్పారు, మీరు మా వారి కంటే నయం. అమ్మాయికి కూడా చెప్పండి. పరీక్షలని దాస్తున్నారేమో, హాస్టల్ ఫీజు ఒక్కసారి ఆలస్యమైతే పిల్ల మనకంటే ముందే ఊహిస్తుంది, ఊహించుకున్నది నిజం కంటే పెద్దదిగా ఉంటుంది. నాన్నగారికి చెప్పే పని మీ ఆవిడకు అప్పగించకండి. అది మీరే చెప్పాలి.

ఉలవపాడు వాసి

జవాబు రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

నెల్లూరులో న్యాయవాదిని కలిశాను. నేను రాసిన రిజిస్టర్ల ఫోటోలు చూసి, వాదించడానికి ఆస్కారం ఉందనీ, అయితే ముందు మాటలతోనే ప్రయత్నించమనీ అన్నారు. తొలగింపుకు కారణం అడుగుతూ ఈమెయిల్ పెట్టాను. రెండు రోజులకు హెచ్ఆర్ వారు ఫోన్ చేసి, గ్రాట్యుటీ విడిగా, రెండున్నర నెలల జీతం విడిగా ఇస్తామన్నారు. మూడు నెలలు అడిగాను, ఇంకా తేలలేదు. సింగరాయకొండ మిత్రుడి మాట కూడా మనసులో పెట్టుకుని ప్రొడక్షన్ మేనేజర్ గారి ఇంటికి స్వయంగా వెళ్లి వచ్చాను. ఆయన టీ ఇచ్చి, తన పేరు కూడా తరువాతి జాబితాలో ఉందని చెప్పారు.

నోటు పుస్తకంలో 41 వాక్యాలు వచ్చాయి. రొయ్య అన్న మాట కొట్టివేస్తే పూర్తిగా పనికిరాకుండా పోయినవి ఆరు. ల్యాబ్ కిట్లు అమ్మే కుర్రవాడు రెండు యూనిట్ల పేర్లు చెప్పాడు, ఒకచోట నుంచి బయోడేటా పంపమన్నారు. చెరువు విషయం బావమరిదికి కాదని చెప్పాను, వాడు నాలుగు రోజులుగా మాట్లాడడం లేదు. అమ్మాయికి ఫోన్‌లో చెప్పలేక హాస్టల్‌కు వెళ్లి చెప్పాను. కాసేపు ఊరుకుని, “ఫీజు రెండు విడతల్లో కట్టొచ్చు నాన్నా, మా ఫ్రెండ్ వాళ్లు అలాగే కడతారు” అంది. నాన్నకు ఇంకా చెప్పలేదు.

పాత హెచ్ఆర్ గారికి ఒక సందేహం. మా లైన్లోని ఆడవాళ్లలో తొమ్మిది మందిని కలిశాను. అందరి జీతం చీటీల్లోనూ 0.75 శాతం ఈఎస్ఐ కోత కనిపిస్తోంది, కానీ ఇద్దరికి ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, ఈఎస్ఐ కార్డులో మరోలా ఉంది, ఒకామెకు అసలు కార్డే ఇవ్వలేదు, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు. బ్రాంచికి వెళ్లేటప్పుడు ఏ కాగితాలు తీసుకెళ్లాలో దయచేసి ఈ రాత్రికి చెప్పగలరా? రేపు ఉదయం కంపెనీ బస్సు వెళ్లిన తరువాత వాళ్లంతా మా అరుగు మీదికి వస్తామన్నారు.